తాబేలు కిటికీ

గోస్తనికి వరదొచ్చి తగరపువలస అవతల రోడ్డు తెగిపోయిన ఏడు అది. సంవత్సరం అంకె అడిగితే విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో సగం మంది తడుముకుంటారు గానీ, ఆ వరదకి ముందు, ఆ వరదకి తర్వాత అని మాత్రం ఇప్పటికీ లెక్కగా చెప్తారు. వరద కార్తీకంలో వచ్చింది. చలి ముదిరాక, జనవరి నెలాఖరున, శ్రీరామ్మూర్తి బోటు పట్టుబడింది.

శ్రీరామ్మూర్తి బోటు డ్రైవరు. వల లాగే కళాసీలని ఆరుగుర్ని వేసుకుని రొయ్య వేటకి ఉత్తరంగా పోయి పక్క రాష్ట్రం నీళ్ళలో పడ్డాడు. సముద్రం మీద సరిహద్దు గీత ఎవరికి కనపడుతుంది? రొయ్య ఎటు పోతే బోటు అటు. ఆ రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. చలికాలం వచ్చిందంటే అక్కడి ఒడ్డుకి తాబేళ్ళు గుంపులు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో అక్కడ వల లాగే బోటుకి కిటికీ ఉండి తీరాలి. కిటికీ అంటే వల సంచికి ముందర అడ్డంగా ఒక ఇనప చట్రం, దాని పైన వలలోనే ఒక కన్నం. రొయ్య చట్రం సందుల్లోంచి సంచిలోకి పోతుంది. తాబేలు చట్రానికి కొట్టుకుని, పై కన్నంలోంచి బయటికి ఈదుకుపోతుంది. అది లేకపోతే బోటు పట్టుకుంటారు, మనుషుల్ని లోపలేస్తారు, బెయిలు కూడా తొందరగా ఇవ్వరు.

శ్రీరామ్మూర్తి వలకి కిటికీ ఉంది. చట్రం బిగించినప్పుడు హార్బరంతా చూసింది, నవ్వింది కూడా. “రొయ్యలన్నీ నీ కిటికీలోంచి సినిమాకి పోతాయి బావా” అని ఎగతాళి చేశారు. అంత పద్ధతిగల మనిషిని పట్టుకుపోయారనే అందరికీ మండిపోయింది.

ఆ మంట మీదే కులపెద్ద ఎల్లాజీ మీటింగు పెట్టి కట్టుబాటు చేశాడు. డప్పు వేయించి మరీ చెప్పించాడు. మనవాళ్ళు ఏడుగురూ బయటికొచ్చేదాకా హార్బరులో ఎవ్వరూ ఆ రాష్ట్రంలో కాలు పెట్టకూడదు. చుట్టరికాలకీ వద్దు, పెళ్ళిళ్ళకీ వద్దు, సరుకు అమ్మకానికీ వద్దు. జైల్లో ఉన్నవాళ్ళని చూడ్డానికీ, కేసు పనికీ తప్ప.

శ్రీరామ్మూర్తి తండ్రి కొండలరావు ఆ మీటింగులో ఒక మూల కూర్చున్నాడు. చెయ్యి ఎత్తమంటే ఎత్తాడు.

కొండలరావు వలలు బాగుచేసే మనిషి. ఐసు ఫ్యాక్టరీ పక్కన రేకుల షెడ్డు కింద, తెల్లారకముందు కూర్చుంటే మళ్ళీ ఎండెక్కాకే లేవడం. యాభై ఏళ్ళుగా అదే పని. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. రెండేళ్ళుగా రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ఆసుపత్రికి రమ్మని కోడలు గంగాలమ్మ పోరితే, “సేతులు సూత్తన్నాయి కదా” అనేవాడు. నిజమే. వల ఒళ్ళో పడిందంటే వేళ్ళు వాటంతటవే పాక్కుంటూ పోయి, ఎక్కడ చిరిగిందో అక్కడ ఆగేవి. కన్నం తగిలితే మూసేదాకా ఆ వేళ్ళకి నిద్ర పట్టదు.

బోటు పట్టుబడిన పదోరోజున గంగాలమ్మ జైలుకెళ్ళి మొగుణ్ణి చూసొచ్చింది. బుట్ట దింపకుండానే మావ ముందు నిలబడి చెప్పింది.

“ఆళ్ళు ఏటంతన్నారో ఎరుగుదువా మావా? సట్రం ఉన్నాదంట, పైన కన్నం కుట్టీసుందంట! మమ్మల్ని మోసం సెయ్యడానికి సట్రం పెట్టి కన్నం మూసీసినారంట. మూడు తాబేళ్ళు లోపల ఊపిరాడక సచ్చిపోనాయంట. ఎంత అబద్ధం సూడు!”

కొండలరావు చేతిలో సూది ఆగింది.

“ఆడేటన్నాడు?”

“నీ కొడుకా? ఏటీ అనలేదు. తాబేలు పడితే బొట్టెట్టి, కూర్మనాథా అని దండమెట్టి వదిలీసే మడిసి. ఆడి మీద తాబేళ్ళ కేసు! నీకొక మాట సెప్పమన్నాడు. వల బాగానే ఉన్నాదని నాన్నకి సెప్పు, అన్నాడు. అంతే. జైల్లో కూకుని వల గురించి బెంగేటి ఈ మడిసికి?”

ఆమె లోపలికి పోయింది. కొండలరావు మాత్రం ఆ మాట దగ్గరే ఉండిపోయాడు.

బోటు వేటకి పోయే ముందు పొద్దువాలే వేళ, కొడుకు చట్రం విప్పేసి, ఆ వల ఒక్కటే తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాడు. రాయికి పట్టి ఐదుచోట్ల చిరిగిందన్నాడు. చీకటి పడేలోపు కావాలన్నాడు. ఐదు చిరుగులూ మూశాక వేళ్ళకి ఆరోది తగిలింది. గుండ్రంగా, పెద్దది. ఇంత పెద్దది చూసుకోలేదేమిటి వీడు అనుకుని, దాన్నీ మూసేశాడు. గట్టి పని. మూసేశాక అరచేత్తో రుద్ది చూసుకుని సంతోషపడ్డాడు కూడా. తండ్రి చేసిన పని కదా అని కొడుకు విప్పి చూసుకోలేదు, చీకట్లోనే చట్రం బిగించుకుని పోయాడు.

పట్టుబడ్డప్పుడు వాడు ఆ ముడి చూసి ఉంటాడు. అది ఎవరి ముడో వాడికి చెప్పక్కర్లేదు. చెప్పక్కర్లేదు కాబట్టే, వల బాగానే ఉందని కబురు పెట్టాడు.

ఆ రోజు నుంచి కొండలరావు రోజుకి పది మాటలు కూడా మానేశాడు.

శ్రీరామ్మూర్తి కూతురు నూకాలు. పంతొమ్మిదేళ్ళది. హార్బరు గుంటలు, అంటే ఆడపిల్లలు, అందరూ బుట్టలు మోస్తూ నడిస్తే, ఇది బుట్ట మోస్తూనే పరిగెత్తేది. పోర్టులో ఉద్యోగం చేస్తూ పిల్లలకి పరుగు నేర్పే భీమశంకరరావు ఒక పొద్దున్న బీచి రోడ్డు మీద దీన్ని చూసి పట్టుకున్నాడు. ఆయన గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి స్థిరపడినాయన. నాలుగేళ్ళుగా దీనికి బూట్లు కొన్నాడు, గుడ్లు పెట్టాడు, తిట్టాడు. జిల్లా పోటీల్లో గెలిచింది, రాష్ట్రం పోటీల్లో రెండోది వచ్చింది. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇరవయ్యేళ్ళలోపు ఆడపిల్లలకి పెట్టే రోడ్డు పందానికి పేరు ఎంపికైంది. మొదటి ఆరుగురిలో వస్తే పోర్టులో ఆటల కోటా కింద ఉద్యోగం చూస్తామని పెద్ద ఆఫీసరే అన్నాడు. వచ్చే ఏటికి దీనికి ఇరవై నిండుతాయి. ఇదే ఆఖరిసారి.

పందెం పెట్టింది ఆ పక్క రాష్ట్రంలో.

బుధవారం సాయంత్రం భీమశంకరరావు స్కూటరు మీద కాగితం పట్టుకుని షెడ్డుకొచ్చాడు. నూకాలు తాత పక్కనే కూర్చుని దారం చుడుతోంది.

“శుక్రవారం పొద్దున్న బండికి టిక్కెట్టు తీశాను. బట్టలు సర్దుకో అమ్మాయ్” అన్నాడు.

“నాను ఎల్లను మాస్టారూ.”

“ఏవిటీ?”

“మా నాన్నని అన్యాయంగా లోపలేసినోళ్ళ ఊళ్ళో పరిగెట్టి, ఆళ్ళ మంత్రి సేత దండ ఏయించుకోనా? మా ఇంటి ముందు కళాసీల అమ్మలు కూకుని ఏడుత్తన్నారు. ఆళ్ళ మొకం ఎలా సూడాలి నాను?”

“చట్టం చేసింది సర్కారు. పరుగెత్తేది నువ్వు. రెంటికీ ఏవిటే సంబంధం?”

“ఆ సర్కారే కదా పందెం పెట్టింది! రోడ్డు ఆళ్ళది, జెండా ఆళ్ళది, కప్పు ఆళ్ళది. నా కాళ్ళొక్కటీ నావి. అయ్యి పంపను.”

భీమశంకరరావు స్కూటరు స్టాండు వేసి కింద కూర్చున్నాడు. తెల్ల ప్యాంటుకి చేపల నీళ్ళు అంటుకుంటున్నా చూసుకోలేదు.

“ఒసేయ్, నువ్వు వెళ్ళకపోతే ఏవవుద్దో చెప్పనా? విశాఖపట్నం అమ్మాయికి జ్వరం వచ్చింది, రాలేదు అని పేపర్లో ఒక ముక్క వేస్తారు. అది కూడా వేస్తారో వెయ్యరో. నువ్వు కోపంతో మానేశావని ఆ మంత్రికి ఎవరు చెప్తారు?”

“ఆయనకి తెలీకపోనా మాకు తెలుత్తాది కదా.”

మాస్టారు ముసలాయన వంక తిరిగి, “మీరైనా చెప్పండి పెద్దాయనా” అన్నాడు. కొండలరావు వల కిందికి వంగిపోయాడు. భీమశంకరరావు కాగితం ఆ పిల్ల ఒళ్ళో పెట్టి, “రేపు సాయంత్రం దాకా చూస్తాను” అని స్కూటరెక్కాడు.

కట్టుబాటు నిలబెట్టిందని మర్నాడు పొద్దున్నకల్లా హార్బరంతా నూకాలుని మెచ్చుకుంది. వేలంపాట దగ్గర ఎల్లాజీ తలమీద చెయ్యి పెట్టి, “శ్రీరామ్మూర్తి కడుపున పులి పుట్టిందిరా” అన్నాడట. ముసలమ్మ అనే ఒక కళాసీ తల్లి అయితే పిల్లని పట్టుకుని భోరుమంది. కొండలరావు షెడ్డులో కూర్చుని అన్నీ విన్నాడు. 

ఎండ ఎక్కుతుండగా నూకాలు బీచి రోడ్డు మీద పరుగు ముగించుకుని, గాజు గ్లాసులో టీ పట్టుకుని వచ్చింది. మానేసిన పందానికి కూడా పొద్దున్నే లేచి పరిగెత్తి వచ్చింది ఆ పిల్ల. వల కుప్పకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. పిక్కలు అదురుతున్నాయి.

కొండలరావు టీ గ్లాసు కింద పెట్టాడు.

“గుంటా. నీకొకటి సెప్పాలి.”

“సెప్పు.”

“ఆళ్ళు అబద్ధమాడలేదు. కన్నం నానే కుట్టీసినాను.”

నూకాలు అర్థం కానట్టు చూసింది. ఆయన చెప్పాడు. వల ఒళ్ళో పడడం, ఐదు చిరుగులు, ఆరోది, కొడుకు పంపిన కబురు. జీవితంలో అంత పొడుగు మాట్లాడింది లేదు. మధ్యలో రెండుసార్లు దగ్గొచ్చి ఆగాడు. ఎవరూ కుట్టమనలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు, కన్నం కనబడితే చెయ్యి ఊరుకోలేదు, అంతే, అన్నాడు.

 ఆ పిల్లకి ఉన్నట్టుండి నవ్వు వచ్చేసింది. ఆపుకోవాలని నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు.

“తాతా, నా పరుగు నిక్కరికి రెండు పక్కలా సీలికలుంటే, సిరిగిపోయిందనుకుని వలదారంతో కుట్టీసినావు! విజీనారం గ్రౌండ్లో వంద అడుగులు పరిగెట్టీసరికి పర్రుమన్నాది. మాస్టారు తువ్వాలు పట్టుకుని పరిగెట్టుకొచ్చినారు.” నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులో పడిపోయింది. “నెలై నీ దగ్గిర ఈ మాట ఉన్నాదా? ఎందుకు సెప్పనేదు?”

“బయ్యమేసింది.”

“ఎవులంటే? ఎల్లాజీ మావంటేనా?”

“నువ్వు నన్ను సూసే సూపు మారిపోద్దని.”

నూకాలు మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. షెడ్డు అవతల బోటులోంచి ఐసు దించుతున్న చప్పుడు. తల ఎత్తకుండానే అడిగింది.

“అయితే ఇప్పుడు ఎల్లనా, మాననా?”

“అది నాను సెప్పను. మానేత్తే మానీ. నా అబద్ధం మీద మానొద్దు.”

“అంటే ఆ సట్టం మంచిదంటావా?”

కొండలరావు టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “తాబేలు సచ్చింది. అదీ నిజిం. కుట్టినోడు ఇక్కడ టీ తాగతన్నాడు, కుట్టనోళ్ళు ఏడుగురు అక్కడ కూకున్నారు. అదేటి నాయం? నాకు తెలీదమ్మీ. మూడో తరగతితో సదువు ఆపీసినాను.”

నూకాలు లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది, కొత్త వస్తువు చూసినట్టు. “మీటింగులో సెప్తావా?” అంది.

“సెప్తాను.”

నూకాలు వెళ్ళి అడిగితే ఎల్లాజీ ఆ మధ్యాహ్నమే మనుషుల్ని పిలిచాడు. వేలంపాటల షెడ్డు కడిగేసి ఉంది. నలభై మంది దాకా వచ్చారు. కొండలరావు లేచి నిలబడితేనే వింతగా చూశారు. ఆయన చెప్పడం అయ్యాక ఒక్కసారిగా అందరూ అరిచారు.

“ఇన్నాళ్ళూ నోట్లో ఏటెట్టుకున్నావురా ముసలోడా!”

“మావంటే గౌరవమని ఊరుకుంటన్నాం గానీ...”

ముసలమ్మ అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. ఆమె కొడుకు పెళ్ళై ఆరునెల్లు కాలేదు. కొండలరావు ముందు నిలబడి, చెయ్యి ఎత్తింది. కొట్టలేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంచి, “నా కొడుకు నీ ముడి ఎనకాల కూకున్నాడు కొండలరావా. నీ ఒక్క ముడి ఎనకాల” అంది. చెయ్యి దించేసుకుని వెనక్కి పోయింది. కొడితే బాగుణ్ణు అనిపించింది కొండలరావుకి.

“రేపు పొద్దున్న బండికి ఎల్తాను” అన్నాడాయన. “జడ్జీ దగ్గిర నిలబడి, ముడి నాదని సెప్తాను. ప్లీడరు అయ్యకి కబురెట్టినాను.”

“నిన్నూ లోపలేత్తారు” అన్నాడు ఎల్లాజీ.

“ఏత్తే ఏత్తారు.”

షెడ్డులో గోల కాస్త తగ్గింది. అప్పుడు నూకాలు లేచింది. ఆడపిల్ల మీటింగులో నిలబడి మాట్లాడ్డం అక్కడ మామూలు కాదు. అయినా ఎవరూ కూర్చోమనలేదు.

“మావా, పొద్దున్న నువ్వు నా తలమీద సెయ్యేసినావు. నానందుకు తగినదాన్ని కాదు. మా నాన్న ఏ తప్పూ ఎరగడు గానీ, తప్పు మా ఇంట్లోనే జరిగినాది. ఆ కోపంతో నాను పందెం మానీడం బాగోదు. నాను ఎల్తాను.”

“కట్టుబాటో?”

“కట్టుబాటు తప్పు కాదు మావా. నిన్నటిదాకా నానూ దాని మాటే అన్నాను. కానీ నాను మానీసి ఎవులికి సెప్పాలి? సచ్చిపోయిన తాబేలికా? దొంగతనంగా ఎల్లను. అందరి ముందూ సెప్పే ఎల్తన్నాను. ఏ శిక్ష ఏత్తారో ఏసీండి.”

ఎల్లాజీ తువ్వాలు భుజం మార్చుకున్నాడు. ఇద్దరు ముగ్గురు పెద్దలతో గుసగుసలాడాడు. ఆయనకీ ఆ పిల్లంటే ఇష్టమే, కానీ డప్పు వేయించి చెప్పిన మాట.

“ముసలోడు కేసు పనికెల్తన్నాడు, అది కట్టుబాటులోనే ఉన్నాది. నువ్వు పరుక్కి ఎల్తన్నావు, అది నేదు. నువ్వెల్లి వచ్చినాక, ఇంటి పెద్ద గాబట్టి మీ తాతకి నెల్లాళ్ళు హార్బరులో ఎవులూ వల ఇవ్వకూడదు.” కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. “అదీ ఆయన బయటుంటే.”

“సరే” అన్నాడు కొండలరావు.

నూకాలు తాత మొహం చూసింది. ఆయన చెయ్యి చూపించి, కూర్చో అన్నాడు.

ఆ సాయంత్రం నూకాలే నడుచుకుంటూ పోర్టు క్వార్టర్సుకెళ్ళి మాస్టారికి చెప్పొచ్చింది. ఎందుకు మనసు మారిందని ఆయన అడగలేదట. గుమ్మంలోనే నిలబెట్టి రెండు గుడ్లు తినిపించి పంపించాడట. గంగాలమ్మ మాత్రం మావతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది, మాట్లాడలేదు. పడుకోబోయే ముందు మాత్రం, ఆయన ఉతికిన చొక్కా మడతపెట్టి సంచిలో పెట్టుకోవడం చూసి, దాన్ని తీసి ఇంకా బాగా మడతపెట్టింది.

మర్నాడు తెల్లారకముందే కొండలరావు లేచాడు. అలవాటు ప్రకారం షెడ్డు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి కళాసీల ఇళ్ళ వైపు నడిచాడు. ఆరిళ్ళు. ఒక్కో గుమ్మం ముందు నిలబడి ఒకే మాట అడిగాడు.

“జైలుకెల్తన్నాను. మీవోడికి ఏటైనా పంపుతారేటి?”

మొదటి ఇంట్లో తలుపు తియ్యలేదు. రెండో ఇంట్లో కళాసీ తమ్ముడు పళ్ళు తోముకుంటూ వచ్చి, చూసి, లోపలికి పోయి, ఒక దుప్పటి తెచ్చి ఇచ్చాడు. మూడో ఇంట్లో బీడీ కట్ట. నాలుగో ఇంటావిడ ఏమీ లేదంది. ఐదో ఇంటి వాళ్ళు సగం రోడ్డు దాకా వెనకాల పరిగెత్తుకొచ్చి చంటిదాని ఫోటో చేతిలో పెట్టారు.

ముసలమ్మ ఇల్లు ఆఖర్న ఉంది. ఆమె అప్పటికే వేలంపాటకి బుట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరుతోంది. ఆయన్ని చూసి ఆగింది. ఆయన అదే మాట అడిగాడు. ఆమె బుట్ట దింపి లోపలికెళ్ళింది. చాలాసేపు ఉంది. వచ్చేటప్పుడు మూత బిగించిన స్టీలు డబ్బా తెచ్చింది.

“ఎండుసేపల పొడి. కారం ఎక్కువేసినాను, ఆడికి అలాగే కావాలి. డబ్బా తిరగెయ్యకు.”

“ఎయ్యను” అన్నాడు.

స్టేషన్లో నూకాలు బూట్ల సంచి, బట్టల సంచి పెట్టుకుని మాస్టారి పక్కన నిలబడి ఉంది. తాత చంకలో దుప్పటి, జేబులో బీడీలు, ఫోటో, రెండు చేతులతో డబ్బా. రైలొచ్చింది. పైన సామాను పెట్టే చోటు ఖాళీగానే ఉంది, అక్కడ పెట్టమని నూకాలు చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. కిటికీ పక్కన కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత మీద అరచెయ్యి ఆనించి, బండి కదిలేదాకా అలాగే ఉన్నాడు. కదిలాక కూడా తియ్యలేదు.